పదహారు మడుగుల చిప్పలు

ఎర్ర వరద వచ్చిన మూడో ఏడు ఇది జరిగింది.

శబరి ఒడ్డున మేం ఏళ్ళని వరదలతోనే లెక్క పెట్టుకుంటాం. మా అమ్మ పెళ్ళి గేదెల వరదనాడు. నేను పుట్టింది ఇసక వరదకి ముందు ఏడు. ఎర్ర వరద అన్నిటికన్నా ఆఖరుది. నీళ్ళు ఎక్కువేం రాలేదు. ఎగువ కొండల్లో గనివాళ్ళు కట్టుకున్న బురద చెరువు గట్టు తెగి, ఆ బురదంతా ఏట్లోకి దిగింది. మూడు రోజులు ఏరు ఇటికల బట్టీ కడిగిన నీళ్ళలా పారింది.

తరవాత తేరుకున్నట్టే కనిపించింది. కానీ ఆ నీళ్ళు కాచిన గిన్నెకి అడుగున తుప్పురంగు చార మిగిలేది. జనానికి చిగుళ్ళు నల్లబడ్డాయి. ఆ ఏడు మా రేవులో ముగ్గురు ఆడవాళ్ళకి కడుపు నిలవలేదు. అందులో మా బంగారం ఒకతె. మాకు ఒక్కతే కూతురు.

వరద పోయాక ఒడ్డు మీది ఇళ్ళన్నీ ఖాళీ చేయించి, పన్నెండు మైళ్ళ దిగువన కాలనీ కట్టి అక్కడికి తోలారు. మెరక మీద ఉందని మా ఇల్లు ఒక్కటీ వదిలేశారు. బంగారం అత్తవారు కూడా కాలనీకే పోయారు. అక్కడ తాగేదీ ఈ ఏటి నీళ్ళే. మోటారుతో తోడి కుళాయిల్లోకి వదులుతారు.

ఆ పుష్యమాసంలో ఎస్తేరమ్మ వచ్చింది. బాపట్ల వైపు మనిషి. డాక్టరే గానీ చిప్పల డాక్టరు. ఏట్లో ఇసక అడుగున ఉండే ఆల్చిప్పల్ని మేం చిప్పలనే అంటాం. రేవు పక్క పాత తునికాకు గోదాం అద్దెకి తీసుకుని, వైర్లు లాగించి, గాజు తొట్లు దింపించింది.

మా ఆడది ఆదెమ్మ చూసొచ్చి ఊరుకోలేదు. "చిప్పలకి జరం వత్తే సూది ఏ పక్కన పొడుత్తావమ్మా?" అని అడిగింది.

"ఆ చోటు కోసమే పదేళ్ళుగా వెతుకుతున్నాను పిన్నీ" అంది ఎస్తేరమ్మ.

దానితో ఆదెమ్మకి ఆవిడ నచ్చేసింది. రోజూ మధ్యాహ్నం చింతచిగురు కూరో పులుసో గిన్నెలో పెట్టి నా చేత పంపేది. నేను ఇచ్చేసి వచ్చేవాణ్ణి.

"ఏమందయ్యా డాక్టరమ్మ?" అనేది.

"ఏమన్లేదు."

"ఆవిడేమన్లేదో, నువ్వేం అడగలేదో! ఈ మనిషి నోట్లోంచి మాట తియ్యాలంటే గాలం వెయ్యాలి."

ఎస్తేరమ్మ పని ఏమిటో నాకు చేసి చూపించింది. ఎర్ర బురద కలిపిన నీళ్ళు రెండు బక్కెట్లలో పోసింది. ఒకదాంట్లో పది చిప్పలు వేసింది. సాయంత్రానికి చిప్పలున్న బక్కెట్టు అడుగు కనిపించింది. చిప్ప నీళ్ళు లోపలికి లాక్కుని, నీళ్ళలోని చెడుగంతా తన కండలో దాచుకుని, మంచి నీళ్ళు బయటికి వదులుతుంది. ఏరంతా చిప్పలు నింపి, పది నెలలు ఉంచి, మళ్ళీ ఏరి తీసి దూరంగా లోతుగా గొయ్యి తీసి పూడ్చేస్తే ఏరు బాగుపడుతుంది. అదీ ఆవిడ ఆలోచన.

"అన్ని చిప్పలెక్కడివమ్మా? చిప్ప ఎదగాలంటే ఆరేళ్ళు" అన్నాను.

అప్పుడు పెద్ద తొట్టి చూపించింది. చుట్టూ రాగి తీగ. లోపల గోరువెచ్చని నీళ్ళు. తేనెటీగల గూడు దగ్గర చెవి పెట్టినట్టు సన్నగా మోగేది. ఆ తొట్టిలో ఒక పొద్దు గడిస్తే చిప్పకి ఒక ఏడు గడిచినట్టు. చిప్ప మీద ఏడాదికో గీత పడుతుందని మాకు తెలుసు. ఆ తొట్టిలో రోజుకో గీత పడింది. నేను వేలితో తడిమి చూశాను. మా ఏటి చిప్ప గీతలు ఒకటి లావు, ఒకటి సన్నం, కరువు ఏడు ఒకలా, వరద ఏడు ఒకలా ఉంటాయి. తొట్టి చిప్ప గీతలన్నీ దారం పేర్చినట్టు ఒక్కలాగే ఉన్నాయి. దానికి కరువు తెలియదు.

"విత్తనానికి చిప్పలు కావాలి బాబాయ్" అంది. "ఎగువన పదహారు మడుగులున్నాయంటగా. ఒక్కో మడుగులో ఇరవై చిప్పలు. ఏ మడుగువి ఆ సంచిలోనే ఉండాలి, కలపకూడదు. ఎండలు ముదిరేలోపు తేవాలి. తరవాత నీళ్ళు తగ్గి, పైనుంచి జారే బురద అట్టకట్టేస్తుంది, కింద ఒక్కటీ మిగలదు."

పదహారు గోనె సంచులిచ్చింది. పదహారు రేకు బిళ్ళలు, అంకెలు వేసి ఇచ్చింది. నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు వచ్చు.

మడుగుల సంగతి చెప్పాలి. మా పల్లెకారుల్లో మడుగుకి ఒక ఇల్లు ఉంటుంది. ఒక ఇంటి మడుగులో ఇంకొకరు దిగాలంటే ఒడ్డున నిలబడి "దిగనా?" అని కేకేయాలి. ఆ ఇంటివాళ్ళు ఎవరో ఒకరు "దిగు" అనాలి. ముసలిది అన్నా సరే, పసిది అన్నా సరే. మాట రాకుండా దిగినవాణ్ణి కొట్టరు, తిట్టరు. వాడి చేత్తో తెచ్చిన చేప ఎవరూ తినరు. వాడి పడవ ఎవరూ ఎక్కరు. మా నాన్న ఎరికలో ఒకడు అలా దిగాడు. వాడు చచ్చిపోతే మోయడానికి మనుషులు రాలేదు.

నాలుగోనాడు పొద్దున పడవ వేసుకుని మొదటి మడుగుకి పోయాను. అది గున్నమ్మ వాళ్ళది. ఒడ్డు మీద ఇల్లు లేదు. మొండిగోడలు, విరిగిన పొయ్యి. నిలబడి "దిగనా?" అన్నాను. ఎవరంటారు? నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఇసక మీద చిప్పలు జరిగిన గీతలు కనిపిస్తున్నాయి, పుల్లతో గీసినట్టు. బతికే ఉన్నాయి. కాలు పెడితే బొటనవేలికి తగులుతాయి.

దిగలేకపోయాను.

రెండో మడుగుకి పోయాను. కేకేశాను. మూడోదానికి పోయాను. ఏడు మడుగులు తిరిగాను. ఏడింట్లోనూ గీతలున్నాయి. ఒక్కచోటా మాట లేదు. పొద్దు వాలిపోయింది. తిరిగొచ్చి మా మడుగులో దిగాను. మూడు రోజులు మా మడుగులోనే దిగాను. పదహారు సంచులూ నింపి, ఒకటి నుంచి పదహారు దాకా బిళ్ళలు వరసగా కట్టాను. చిప్ప చిప్పే కదా అనుకున్నాను. ఎక్కడిదైతేనేం, నీళ్ళు కడగడానికి అనుకున్నాను.

ఎస్తేరమ్మ సంచులు వరసగా పేర్పించుకుని చూసి, చిన్నపిల్లలా చేతులు రుద్దుకుంది.

"పదహారు ఇళ్ళ పిల్లలు ఒక్క బడికి వచ్చారు పిన్నీ" అని ఆదెమ్మతో అంది. నాకేసి తిరిగి చెప్పింది. "ఒకే కడుపున పుట్టినవాళ్ళకి ఒకే జబ్బు లొంగదీస్తుంది బాబాయ్. ఒకడు పడితే అందరూ పడతారు. పదహారు ఇళ్ళ రక్తం కలిస్తే ఎంత తెగులొచ్చినా ఎవరో ఒకరు తట్టుకుని నిలబడతారు. అందుకే నీ చేత ఇంత తిరిగించాను."

నాకప్పుడు అర్థమైంది. అప్పటికి మాఘం. ఎండలు ముదరడానికి ఇంకా రెండు నెలలుంది.

కాలనీకి పోయి ఆ పదిహేను ఇళ్ళ దగ్గరా మాట అడిగి వద్దామనుకున్నాను. పోయాను కూడా. రేకుల ఇళ్ళు, ఒకదాని వెనక ఒకటి. గున్నమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. నాకన్నా పదేళ్ళు పెద్దది. నన్ను చూసి లేవబోయింది, లేవలేకపోయింది.

"మా మడుగెలాగుందిరా గంగులూ?" అంది.

"బాగుందక్కా."

"నీల్లున్నాయా?"

"ఉన్నాయి."

 కొంగు మొహానికి కప్పుకుని ఏడ్చింది. పక్కింటివాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. వాళ్ళూ నన్ను అదే అడుగుతారని తెలిసింది. నేను మజ్జిగ తాగి వచ్చేశాను. మాట అడగలేదు.

నేనొచ్చేసరికి ఎస్తేరమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. చిప్ప కండలోంచి గోరంత తీసి అందులో పెడితే దాని పుట్టుక చెబుతుంది ఆ మిషను. ఆవిడ మొహం బాగాలేదు.

"మూడు సంచుల్లోవి చూశాను బాబాయ్. మూడూ ఒకే ఇంటివి అంటోంది. నిజంగా వేరు వేరు మడుగులవేనా?"

"ఆఁ" అన్నాను.

అంతే అన్నాను.

ఆవిడ పెన్సిలు కొరుక్కుంది. తరవాత తనే దారి వెతుక్కుంది. "చిప్ప పిల్లలు చేప మొప్పలు పట్టుకుని తిరుగుతాయి కదా. చేప ఏ మడుగుకి పోతే అక్కడ రాలతాయి. అంటే ఈ ఏట్లో చేపలు పదహారు మడుగుల్నీ ఎప్పుడో ఒకే ఇల్లు చేసేశాయన్న మాట. అలాగైతే ఈ ఏటికి ఉన్న రక్తమే ఇంత. ఏం చేస్తాం, దీంతోనే నెట్టుకురావాలి" అంది. అదే పుస్తకంలో రాసుకుంది.

వైశాఖంలో నేను మళ్ళీ గున్నమ్మ మడుగు మీదుగా పోయాను. ఎర్ర బురద ఎండి పెంకులా బిగిసిపోయింది. తెడ్డుతో కొడితే టంగుమంది.

ఆ వానలకి తొట్టి చిప్పలు ఏట్లోకి దింపారు. లారీలు వరసకట్టాయి. రెండు కోట్ల పైన అన్నారు. మా రేవు నుంచి కాలనీ దాకా పన్నెండు మైళ్ళు ఇసక కనిపించకుండా పరిచాం. కార్తీకానికి నీళ్ళు బాగుపడ్డాయి. గిన్నె అడుగున చార పోయింది. కాలనీవాళ్ళు ఎస్తేరమ్మకి చీర పెట్టారు. ఆవిడ చీర కట్టగా నేను అదొక్కసారే చూశాను.

పైయేడు పుష్యంలో బంగారం కబురు పెట్టింది. మూడో నెల. ఆదెమ్మ కాలనీకి పోయి పది రోజులుండి వచ్చింది.

"ఈసారి నిలుత్తాదయ్యా" అంది. "నీల్లు మంచియ్యి. నీ చిప్పల పున్నెం."

 మనసులో నిజమేనేమో అనుకున్నాను. ఏమీ కాలేదు కదా. తప్పు చేసినా ఏమీ కాకపోతే ఇక చెప్పేదేముంది అనుకున్నాను. ఆ మూడు నెలలూ నాకు అన్నం సయించింది.

చైత్రంలో చిప్పలు ఏరడం మొదలుపెట్టాలి. గోతులు కూడా తవ్వారు. ఇంకా పదిరోజులుందనగా ఒక పొద్దున రేవులోకి దిగితే నా కాలికి తెరుచుకున్న చిప్ప తగిలింది. పక్కన ఇంకోటి. వంగి చూశాను. కనిపించినంత మేరా అన్నీ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చచ్చే చిప్పలు ఎప్పుడూ ఉంటాయి, ఇక్కడొకటి అక్కడొకటి. ఇది అలాగ కాదు. ఒక్కటీ మూసుకుని లేదు. కండ తెల్లగా నాని ఊడిపోతోంది. మధ్యాహ్నానికి గద్దలు వచ్చాయి. ఒక గద్ద ఒక ముక్క నోట పెట్టి, ఉమ్మేసి ఎగిరిపోయింది.

ఎస్తేరమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడింది. చేతినిండా తీసి చూసింది, పారేసింది, మళ్ళీ తీసింది. ఏదో తెగులు. అంత మాత్రం చెప్పగలిగింది. అక్కణ్ణుంచి ఆరు రోజులు ఆవిడ పడవ దిగలేదు. బతికినది ఒక్కటి దొరుకుతుందేమోనని పన్నెండు మైళ్ళూ వెతికింది. దొరికితే దాని పిల్లల్ని తొట్టిలో పెంచుతానంది. రోజూ నీళ్ళు సీసాల్లో పట్టి పట్నం పంపింది, ఫలితం వస్తుందని చూస్తోంది. ఆరోనాటికి మా మడుగులో కూడా చూశాం. అది లోతు, ఎండలకి ఎండదు. అందులో నేను పుట్టకముందునుంచీ ఉన్న ముసలి చిప్పలున్నాయి. అవీ తెరుచుకున్నాయి.

ఆ సాయంత్రం ఆదెమ్మ అన్నం ఇచ్చి పంపింది. గోదాములోకి వెళ్ళేసరికి ఎస్తేరమ్మ గునపం పట్టుకుని పెద్ద తొట్టి ముందు నిలబడి ఉంది.

"లోపలికి రాకు బాబాయ్. గాజు ఎగురుతుంది."

"ఎందుకమ్మా?"

"దీనివల్లే. ఆరేళ్ళు ఆరు రోజుల్లో గడిపించాను. వాటికి ఒక్క కరువు చూపించలేదు. బలం లేకుండా పెంచాను. ఇది ఇంకొకరి చేతికి పోకూడదు. కాయితాలు ఇందాకే కాల్చేశాను."

అన్నం గిన్నె కింద పెట్టాను. 

"తొట్టి తప్పు కాదమ్మా."

"నీకేం తెలుసు?"

"అయ్యన్నీ మా మడుగువే."

ఆవిడ గునపం దించలేదు. నాకేసి చూసింది.

"ఏవి?"

"పదహారు సంచులూ. మాట రాలేదు. ఎవరూ లేరు గదా అక్కడ. దిగలేకపోయాను. మా మడుగులో నింపి బిళ్ళలు కట్టేశాను."

ఇంత పొడుగు మాట నేను ఆవిడతో ఎన్నడూ మాట్లాడలేదు. మాట్లాడాల్సింది ఏడాది కిందట.

గునపం గోడకి ఆనించి స్టూలు మీద కూర్చుంది. తిట్టలేదు.

"మిగతా మడుగుల్లో అప్పుడు చిప్పలున్నాయా?"

"ఏడు చూశాను. ఏడింట్లోనూ ఉన్నాయి. ఇసకలో గీతలు చూశాను."

"ఇప్పుడు?"

తల అడ్డంగా ఊపాను.

"మిషను ఒకే ఇల్లు అని చెప్పింది బాబాయ్. నువ్వు పదహారు అన్నావు. పదేళ్ళు నేను నమ్మిన మిషను అది." మిషనుకేసి చూసింది. "నిన్ను నమ్మాను."

తొట్టి ఖాళీగా మోగుతూనే ఉంది. అందులో నీళ్ళకి ఏళ్ళు గడుస్తున్నాయి.

నన్ను కొట్టినా బాగుండేది. అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. ఆవిడ విన్నది, రెండు మూడుసార్లు "ఎంత? మళ్ళీ చెప్పండి" అంది. పెట్టేసి ఇంకెవరికో చేసింది. ఈసారి గట్టిగా మాట్లాడింది. "సోమవారం దాకా ఎలాగాగుతారండీ? జనం తాగుతున్నారు... కంగారు పడితే పడనివ్వండి... రెండో శాంపిలు దేనికి, నేను చెబుతున్నానుగా!" అవతలివాళ్ళు పెట్టేసినట్టున్నారు.

"ఏమైందమ్మా?"

"చిప్పలు పది నెలలు కండలో దాచుకున్న విషమంతా వారంలో కక్కేశాయి. కాలనీ మోటారు దగ్గర నీళ్ళు ఎర్ర వరదనాటి కన్నా తొమ్మిదింతలు చెడుగున్నాయి. రంగు లేదు, వాసన లేదు. కంటికి తెలియదు. మోటారు ఆపమంటే సోమవారం చూద్దామంటున్నారు. నేను జీపులో పట్నం పోయి వాళ్ళ గుమ్మంలో కూర్చుంటాను." చెప్పులు వేసుకుంటూ ఆగింది. "బంగారానికి ఎన్నో నెల?"

"ఆరు."

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేయబోయి, వెయ్యకుండా వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి ఆదెమ్మకి చెప్పాను. అంతా చెప్పాను. ఏడాది పైబడినదీ. ఆదెమ్మ ఏమీ అనలేదు. మా పెళ్ళయిన నలభై నాలుగేళ్ళలో ఆదెమ్మ ఏమీ అనకపోవడం అదే మొదలు.

మర్నాడు తెల్లారకముందే పడవ వేసుకుని, పొద్దు పొడిచేసరికి కాలనీ చేరాను. కుళాయి అప్పటికే వదిలారు. గట్టు దగ్గర బిందెలు వరసలో ఉన్నాయి. ముందు బిందె మా బంగారానిదే. నిండిపోయింది. నడుం మీద చెయ్యేసుకుని, వంగలేక, ఎత్తిపెట్టమని పక్కావిణ్ణి పిలుస్తోంది.

"నాన్నా! ఇంత పొద్దున్నే ఏటి? అమ్మకి బానే ఉందా?"

బిందె కాలితో తన్నేశాను. నీళ్ళు గట్టు మీద పారాయి. రెండో బిందె అందుకుని ఒంపేశాను. మూడోది పట్టుకుంటే ఎవరో నా చెయ్యి పట్టి లాగారు.

"ముసలోడికి పిచ్చెక్కిందేటి!"

"తాగకండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. గట్టిగా అరిచాను. "తాగకండి. విషం నీళ్ళు. చిప్పలన్నీ చచ్చిపోయాయి. నావల్లే చచ్చాయి. తాగకండి!"

"నీల్లు కడిగిన ముత్తెంలా ఉన్నాయి గదరా" అని ఎవరో నవ్వారు. ఇంకెవరో నా వీపు మీద ఒకటిచ్చారు. నేను ఇంకో బిందె ఒంపాను.

బంగారం నవ్వలేదు. నా మొహంకేసి చూసింది. నేను ఊరికే అరిచే మనిషిని కానని దానికి తెలుసు.

"ఎన్నాళ్ళనించి నాన్నా?"

"ఏడు రోజులు."

అది రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, తడి గట్టు మీద మెల్లగా కూర్చుండిపోయింది. నేను దాని పక్కనుంచి పోయి వెనక బిందె అందుకున్నాను.